సంతకం ఎవరిది? బరంపురంలో కూర్చుని పరాయి దేశాల ఆర్కిటెక్చర్, ప్లానింగ్ పనులు చేయాలనుకునేవాళ్ళకి

మా ఆఫీసు ఒడిశాలోని బరంపురంలో ఒక పాత మేడ పై అంతస్తులో ఉంది. మనుషులం ఆరుగురం. ఇంట్లో తెలుగు, మెట్లు దిగితే ఒడియా, కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంగ్లీషు. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) పూర్తి చేసి పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తిరిగొచ్చిన పిల్లలు నెలకి ఒకరైనా ఫోన్ చేసి "అన్నా, ఫారిన్ పనులు ఎలా పట్టాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి" అంటారు. సాఫ్ట్‌వేర్ మూడు నెలల్లో వస్తుంది. మాకు దెబ్బలు తగిలింది అక్కడ కాదు. ఆఖరి డ్రాయింగు మీద సంతకం ఎవరు పెడతారన్నది ముందే తేల్చుకోని ప్రతిచోటా తగిలాయి. ఫీజు, టాక్స్, ఇన్సూరెన్స్, గొడవ వస్తే ఎక్కడ తేల్చుకోవాలన్నది, అన్నీ ఆ సంతకాన్ని బట్టే ఉంటాయి. కాబట్టి మేం చేసుకుంటూ వచ్చిన వరుసలోనే రాస్తున్నాను.

1. మీది ఏ రకం పనో ముందు తేల్చుకోండి

"విదేశీ పని" అని ఒకే మాట అంటాం గానీ అందులో నాలుగు రకాలున్నాయి. విదేశీ ఫర్మ్, విదేశంలో బిల్డింగు, మీరు ఇక్కడ కూర్చుని డ్రాయింగులు తీస్తారు: సంతకం వాళ్ళది. దోహాలోనో దుబాయ్‌లోనో ఉన్న మనవాడు ఇచ్ఛాపురం దగ్గరో బరంపురంలోనో ఇల్లు కట్టిస్తాడు: డబ్బు బయటనుంచి వస్తుంది, సంతకం మీది. బయటి ప్లానింగ్ కంపెనీ మన దేశంలో పనికి వచ్చి మిమ్మల్ని లోకల్ పార్ట్‌నర్‌గా పెట్టుకుంటుంది: ఇక్కడే ఎక్కువ గందరగోళం, పేరు వాళ్ళది, సంతకం చాలాసార్లు మీ నెత్తిన పడుతుంది. నాలుగోది, మీరే నేపాల్ లాంటి చోటికి వెళ్ళి టెండరు వేయడం.

మూడో రకం మనకి కొత్త కాదు. మన ఒడిశా రాజధాని భువనేశ్వర్‌కి 1948లో ప్లాను వేసింది ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ అనే జర్మన్. అప్పటికే మైసూరు సంస్థానంలో చాలా ఏళ్ళు పనిచేసి ఇక్కడి ఎండావానా తెలిసినవాడు. బిల్డింగుల్లో ఎక్కువ భాగం గీసింది మాత్రం ఇక్కడి ప్రభుత్వ ఆర్కిటెక్ట్ జూలియస్ వాజ్. చండీగఢ్‌కి ముందు పెట్టుకున్నది ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నోవికీలని. 1950లో నోవికీ విమాన ప్రమాదంలో పోయాకే ఫ్రాన్స్ ఆర్కిటెక్ట్ కార్బూసియే వచ్చాడు. ఇక అమరావతి సంగతి మన వాళ్ళకి చెప్పక్కర్లేదు, సింగపూర్ నుంచి మాస్టర్ ప్లాను, భవనాలకి మొదట జపాన్‌కి చెందిన మాకి, తర్వాత లండన్ నుంచి ఫోస్టర్. పేర్లు ఎన్ని మారినా నేల, ఇసుక, మేస్త్రి, పర్మిషన్ ఇక్కడివే. ఆ ఇక్కడివాటికి జవాబు చెప్పే మనిషిగా మీరు ఉంటారు. రేటు అడిగేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

2. ఆర్కిటెక్ట్ అన్న మాట ఎక్కడ వాడొచ్చు

మన దగ్గర 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ఉంది. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్ళే ఆ పేరు పెట్టుకోవాలి, ఫర్మ్ అయితే భాగస్వాములందరూ నమోదై ఉండాలి. బయటి దేశం ఆర్కిటెక్ట్ ఇక్కడ ఒక ఫలానా ప్రాజెక్టుకి కన్సల్టెంట్‌గానో డిజైనర్‌గానో రావాలంటే కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ చట్టం కాపాడేది ఆ పేరునే గానీ పనిని కాదు అంది. అది చూసి "అయితే ఎవరైనా గీసేయొచ్చు కదా" అనుకోకండి, ప్లాను శాంక్షన్ చేసే ఆఫీసుకి తన రూల్స్ తనకి ఉంటాయి.

బ్రిటన్‌లోనూ పేరుకే రక్షణ, 1997 చట్టం కింద. అక్కడ నమోదు కాకుండా మీ ఈమెయిల్ కింద "ఆర్కిటెక్ట్" అని రాసుకుని అక్కడి క్లయింట్లకి పంపితే అదే తప్పు. ఆస్ట్రేలియాలో రాష్ట్రానికో బోర్డు. నేపాల్‌లో ఆర్కిటెక్టులు కూడా ఇంజినీరింగ్ కౌన్సిల్‌లోనే నమోదవుతారు, విడిగా మరో కౌన్సిల్ కోసం వెతికి రోజులు పోగొట్టుకోకండి. గల్ఫ్‌లో మామూలుగా అక్కడ లైసెన్స్ ఉన్న కన్సల్టెంట్ ఆఫీసే మున్సిపాలిటీకి డ్రాయింగులు పెడుతుంది.

అందుకని మొదటి ఫోన్లోనే అడిగేయండి: మీ దేశంలో దీని మీద సంతకం పెట్టేది ఎవరు, వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, ఆ సంగతి మన ఒప్పందంలో రాస్తారా. మొహమాటపడితే తర్వాత ఏడవాలి. అవతలివాడు ఈ ప్రశ్నకి నీళ్ళు నములుతున్నాడంటే నేనైతే ఆ పని వదిలేస్తాను, వదిలేశాను కూడా.

3. ఎంతవరకు మీ పని, ఎక్కడ ఆపాలి

"కాన్సెప్ట్ నుంచి వర్కింగ్ డ్రాయింగ్స్ దాకా" అని మన ఒప్పందాల్లో రాసేస్తాం. ఆ మాటకి ఒక్కో దేశంలో ఒక్కో అర్థం. బ్రిటన్‌వాళ్ళు రిబా (అక్కడి ఆర్కిటెక్టుల సంస్థ) ప్లాన్ ఆఫ్ వర్క్ అనే మెట్ల లెక్క వాడతారు, 1963 నుంచి ఉంది, 2020 ప్రకారం సున్నా నుంచి ఏడు దాకా మొత్తం ఎనిమిది దశలు. అమెరికావాళ్ళు స్కిమాటిక్, డిజైన్ డెవలప్‌మెంట్, కన్‌స్ట్రక్షన్ డాక్యుమెంట్స్ అని విడగొడతారు. ఈ రెండు లెక్కలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. మొదటి రోజుల్లో ఒక ఫర్మ్‌కి "స్టేజ్ 4" అని ఒప్పుకున్నాం, స్టేజ్ 4 అంటే టెక్నికల్ డిజైన్ మొత్తం అని మాకు తట్టలేదు. తలుపు గడియల షెడ్యూలు దాకా చేసి ఇచ్చాం, అడిగినదానికి మించి నెలన్నర పని. తప్పు మాదే, కాగితం చదవకపోవడం.

ఇప్పుడు మేం దశ పేరు రాయం. షీట్ల జాబితా రాస్తాం: ఏ షీటు, ఏ స్కేలు, ఎన్నిసార్లు మార్పులు ఫ్రీ, ఆ తర్వాత గంటకి ఎంత. పొడుగ్గా ఉంటుంది, మొదట అవతలివాళ్ళు విసుక్కుంటారు, రెండో నెలలో వాళ్ళే దాన్ని తీసి చూస్తారు. బిమ్ మోడల్ (బిల్డింగు సమాచారమంతా ఉన్న కంప్యూటర్ నమూనా) అయితే ఐఎస్ఓ 19650 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో ఫైళ్ళ పేర్లు అడుగుతారు. ఆ పేర్ల నియమం మొదటి రోజే తీసుకోండి, నాలుగు వందల ఫైళ్ళకి తర్వాత పేర్లు మార్చడం శిక్ష.

4. నేల, కొలత, ఎండ, గాలి

ఈ విషయంలో సరిహద్దులో పుట్టినవాళ్ళం మనమే నయం. ఎకరం అంటే ఒడిశాలో 25 గుంఠలు, తెలంగాణలో 40 గుంటలు, కోస్తాలో 100 సెంట్లు, ఇక్కడ రికార్డులో అదే 100 డెసిమల్. పర్లాకిమిడిలో అమ్మేవాడు గుంఠ అంటే హైదరాబాద్‌లో కొనేవాడికి 121 గజాలు గుర్తొస్తుంది, ఇక్కడి గుంఠ 193 గజాలు దాటుతుంది. చిన్నప్పటి నుంచి ఈ లెక్కల మధ్య పెరిగినవాడికి నేపాల్ కొండల్లో రోపని అంటే 5,476 చదరపు అడుగులు, తెరాయిలో బిఘాకి 20 కట్ఠాలు అంటే భయం వేయదు. వెంటనే చదరపు మీటర్లలోకి మార్చి, మూలం కొలతని పక్కనే ఉంచాలని తెలుసు.

సర్వే ఫైళ్ళలో ఇంకో గొయ్యి ఉంది. మ్యాపులకి వాడే యూటీఎం జోన్లు 44కీ 45కీ మధ్య గీత 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. శ్రీకాకుళం పట్టణం 44లో, పర్లాకిమిడి కొద్దిలో 45లో, బరంపురం 45లో, రాయగడ, జయపురం మళ్ళీ 44లో. అంటే మన జిల్లాల మధ్యనుంచే ఆ గీత వెళ్తుంది. ఒకసారి వంశధార వైపు సర్వే ఒక జోన్లో, మా బేస్ మ్యాప్ ఇంకో జోన్లో ఉండి, విదేశంలో కూర్చున్న ప్లానర్ రెండూ తెరిస్తే రోడ్లు వందల కిలోమీటర్ల దూరంలో పడ్డాయి. అంత పెద్ద తప్పు మంచిదే, కంటికి కనిపిస్తుంది. డేటమ్ అంటే కొలతలకి ఆధారంగా పెట్టుకునే భూమి నమూనా. పాత ఎవరెస్ట్ డేటమ్‌నీ ఇప్పటి డబ్ల్యూజీఎస్ 84నీ కలిపేస్తే వచ్చే తేడా కొన్ని వందల మీటర్లే, అది సగం పని అయ్యాక గానీ బయటపడదు. ప్రతి సర్వే ఫైలు పేరులోనే జోను, డేటమ్ రాయించండి. ఎత్తు ఏ బెంచ్‌మార్క్ నుంచి తీశారో కూడా.

బ్రిటన్, ఆస్ట్రేలియా డ్రాయింగులు మిల్లీమీటర్లలో, అమెరికావి అడుగులు అంగుళాల్లో. అమెరికావాడి ఫస్ట్ ఫ్లోర్ మన గ్రౌండ్ ఫ్లోర్. ఇవి అందరికీ తెలుసు అనుకుంటాం, తెలిసినవాళ్ళే తప్పు చేస్తారు. ఎండ సంగతి అంతకంటే తమాషా. ఆస్ట్రేలియా ఇంటికి మా కుర్రాడు దక్షిణం కిటికీలకి సన్‌షేడ్లు పెట్టి, ఉత్తరం వైపు అద్దాలు బోడిగా వదిలేశాడు. అక్కడ సూర్యుడు ఉత్తరం వైపునుంచి నడుస్తాడు కదా. అవతలి ఆర్కిటెక్ట్ మంచివాడు కాబట్టి నవ్వి వదిలేశాడు. ఇప్పుడు దక్షిణార్ధగోళం పని వస్తే మొదటి షీటు మీదే సూర్యుడి దారి గీయిస్తాను.

గాలి మాత్రం నవ్వులాట కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాలో వరదలు, కొండచరియలు తెచ్చింది. బయటి ఫర్మ్ మన తీరంలో డిజైన్ చేస్తుంటే గాలి ఒత్తిడి లెక్కలకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం, 2015 ప్రతి ముందు పెట్టండి. తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు తుపాను కోసం విడిగా ఒక గుణకం ఉంది: మామూలు కట్టడాలకి 1.0, ఫ్యాక్టరీలకి 1.15, తుపాను తర్వాత కూడా నిలబడి పనిచేయాల్సిన ఆసుపత్రి, షెల్టర్ లాంటివాటికి 1.3. తమ దేశం సాఫ్ట్‌వేర్ టెంప్లేట్‌తో వచ్చేవాళ్ళకి ఇది కనబడదు. అలాగే మీరు నేపాల్‌లో పనిచేస్తే మన భూకంప ప్రమాణం ఐఎస్ 1893 తీసుకెళ్ళొద్దు, 2015 భూకంపం తర్వాత వాళ్ళు తమ భూకంప నియమావళి ఎన్‌బీసీ 105ని 2020లో కొత్తగా రాసుకున్నారు.

5. ప్లానింగ్ పని అయితే నడవండి, మ్యాపు పంపేముందు ఆగండి

బరంపురం పాత వీధుల్ని ఉపగ్రహ చిత్రంలో చూస్తే పొడుగాటి ఇళ్ళు, గోడకి గోడ, ఒకే కప్పులా ఉంటాయి. దూరం నుంచి రంగులు వేసేవాడు మొత్తం పసుపు పూసి నివాసం అంటాడు. లోపల మగ్గాలు ఉన్నాయని, పట్టు నేసేది ఆ ముందు గదిలోనే అని కప్పు చూస్తే తెలియదు. దేవాంగుల వీధిని ఉత్త నివాస ప్రాంతం చేస్తే రేపు మగ్గం పెట్టుకున్నవాడు రూల్ ప్రకారం తప్పు చేసినవాడు అవుతాడు. ట్రాఫిక్ లెక్క కూడా అంతే. రెండేళ్ళకోసారి బూఢీ ఠాకురాణి యాత్ర జరిగే రోజుల్లో తీసిన లెక్కని మామూలు రోజులకి వాడితే ఊరికి అక్కర్లేని ఫ్లైఓవర్ వస్తుంది. లోకల్ పార్ట్‌నర్‌గా మీరు అమ్మేది ఈ తెలివినే. దాన్ని "సైట్ విజిట్, రెండు రోజులు" అని రాసి చవగ్గా ఇచ్చేయకండి.

ఇక మ్యాపులు. కేంద్రం 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల కంటే సూక్ష్మమైన మ్యాపింగ్ డేటాని భారతీయ సంస్థలే తయారుచేయాలి, అది ఇక్కడే ఉండాలి, ఇక్కడే ప్రాసెస్ కావాలి. విదేశీ కంపెనీలు ఇక్కడివాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అంటే డ్రోన్‌తో తీసిన పాయింట్ క్లౌడ్‌ని (లక్షల బిందువుల కొలతల ఫైలుని) లండన్ సర్వర్‌లోకి ఎక్కించే ముందు ఒక లాయరు చేత చదివించాలి. డ్రోన్ అంటే గుర్తొచ్చింది, గోపాలపూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, ఆ చుట్టుపక్కల "ఒక్క ఫ్లైటే కదా" అనుకోకండి. ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూసుకునే ఎగరేయండి. బీచ్ పక్కన రిసార్ట్ అడిగే విదేశీ క్లయింట్‌కి సీఆర్‌జెడ్ (తీరప్రాంత కట్టడాల నియంత్రణ) సంగతి, పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా వర్తించేది, మొదటి మీటింగులోనే చెప్పేయాలి. అందమైన రెండర్ బొమ్మలు చేశాక చెబితే డబ్బు వెనక్కి అడుగుతారు.

మన ఎన్నారై క్లయింట్ల దగ్గర ఇంకో రెండు. వాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదు. పట్టాలో ఘరబారి (ఇంటి స్థలం) అని లేకపోతే ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8ఏ కింద మార్పించాలి. రాయగడ, కొరాపుట్ పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు, 1956 రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి ఇతరులకి మారదు. "మా బావమరిది మాట్లాడుకున్నాడు, అయిపోతుంది" అంటారు. ఆ బావమరిదిని నమ్మి ప్లాను గీయకండి, పట్టా కాపీ అడగండి.

6. డబ్బు

చిన్న ఆఫీసులు మునిగేది ఇక్కడే. డాలర్లలో డబ్బు వస్తే ఎక్స్‌పోర్ట్, జీఎస్టీ లేదు అని అందరూ అనుకుంటారు. ఆర్కిటెక్ట్‌కి అలా కాదు. స్థిరాస్తికి సంబంధించిన సర్వీసు అయితే, ఆ ఆస్తి ఎక్కడుందో సర్వీసు అక్కడ జరిగినట్టు. ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 13(4) అదే చెబుతుంది, ఆర్కిటెక్టుల్ని పేరుపెట్టి మరీ.

దీన్నిబట్టి లెక్క ఇలా. మెల్‌బోర్న్ ఫర్మ్‌కి మెల్‌బోర్న్‌లోని ఇంటి డ్రాయింగులు: ఆస్తి బయట, క్లయింట్ బయట, డబ్బు విదేశీ మారకంలో వచ్చింది, ఎక్స్‌పోర్టే. ఎల్‌యూటీ అనే హామీ పత్రం వేసుకుంటే టాక్స్ కట్టకుండా బిల్లు చేయొచ్చు, అది ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా వేయాలి. దోహాలో ఉన్న మనవాడు బరంపురంలో కట్టే ఇల్లు: రియాళ్ళు డాలర్లయి వచ్చినా సరే, ఆస్తి ఇక్కడ కాబట్టి 18 శాతం జీఎస్టీ వేయాల్సిందే. విశాఖలో హోటల్ కట్టే విదేశీ కంపెనీకి మీరు చేసే పనీ అంతే. ఇంకో మెలిక, హైదరాబాద్ కంపెనీ దుబాయ్‌లో కట్టే బిల్డింగుకి మిమ్మల్ని పెట్టుకుంటే ఇద్దరూ ఇండియాలోనే ఉన్నారు కాబట్టి క్లయింట్ ఉన్నచోటే లెక్క, టాక్స్ పడుతుంది. మేం ఒక ఎన్నారై ఇంటికి జీఎస్టీ లేకుండా బిల్లు చేసి, తర్వాత మా జేబులోంచి వడ్డీతో కట్టాం. ఆయన్ని అడగడానికి నోరు రాలేదు. బిల్డింగు ఎక్కడుందో బిల్లు పైనే రాసే అలవాటు అప్పటి నుంచే.

మీరే బయటి కన్సల్టెంట్‌కి డబ్బు పంపితే రివర్స్ ఛార్జ్ కింద జీఎస్టీ మీరే కట్టాలి, పైన టీడీఎస్ సంగతి కూడా ఆడిటర్‌తో తేల్చుకోవాలి. బయటినుంచి వచ్చేదాంట్లో వాళ్ళు టాక్స్ కోసుకుంటే ఇక్కడ తగ్గించుకోవడానికి ఆ దేశంతో ద్వంద్వ పన్ను ఒప్పందం, మీ టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్, వాళ్ళిచ్చిన కోత కాగితం కావాలి. ఆ కాగితం ఆఖరి ఇన్‌స్టాల్‌మెంట్ అందేలోపే అడిగి తీసుకోండి, తర్వాత మెయిల్‌కి జవాబు రాదు. బ్యాంకులో పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో చెప్పే నంబరు) ఆర్కిటెక్చర్ సర్వీసుదే ఇవ్వండి, ప్రతి జమకి విదేశీ రెమిటెన్స్ సర్టిఫికెట్ తీసి ఇన్‌వాయిస్‌కి కుట్టండి. నేపాల్, భూటాన్ నుంచి రూపాయల్లో వస్తే నియమాలు వేరు, బిల్లు చేసేముందే అడగండి.

అడ్వాన్సు ఎంత? మేం 30 శాతం లేనిదే ఫైలు తెరవం. ఇది చట్టం కాదు, మా అనుభవం.

7. టైము

దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఖాట్మండు పావుగంట ముందు, సిడ్నీ నాలుగున్నర గంటలు ముందు, అక్కడి వేసవిలో ఐదున్నర. సిడ్నీ పని చేసేవాళ్ళు పొద్దున్నే ఆరింటికి కూర్చోవాలి, ఇంట్లో ముందే చెప్పుకోండి. అక్టోబరులో తుపాను వస్తే కరెంటు పోతుందని, ఆ నెలలో డెడ్‌లైన్ పెట్టొద్దని ఒప్పందంలో రాస్తాం. మొదట నవ్వినవాళ్ళు ఫైలిన్ ఫోటోలు చూశాక ఊరుకున్నారు.

8. ఇన్సూరెన్స్, గొడవలు

సంతకం మీదైతే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ (మన పనిలో తప్పుకి వచ్చే దావాల ఇన్సూరెన్స్) తప్పదు. అందులో రెండు చూడండి: ఏ దేశంలో వేసిన దావాలకి వర్తిస్తుంది, పాలసీ ఆగిపోయాక వచ్చే క్లెయిములకి ఏమిటి. చాలా పాలసీలు క్లెయిము వచ్చినరోజు అమల్లో ఉంటేనే పలుకుతాయి, బిల్డింగు పగుళ్ళు మాత్రం ఐదేళ్ళకి వస్తాయి. సంతకం వాళ్ళదైతే, మీ బాధ్యత మీరు పుచ్చుకున్న ఫీజుకి మించదని ఒక వాక్యం రాయించండి. ఈ ఒక్క వాక్యం కోసం నేను రెండు వారాలు బేరం ఆడాను.

గొడవ వస్తే వాళ్ళ కోర్టుకి వెళ్ళే స్తోమత మనకి లేదు, మన కోర్టు తీర్పు వాళ్ళ దగ్గర అమలు చేయించడం అంతకంటే కష్టం. అందుకే ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బదులు మధ్యవర్తి చేత తేల్చుకోవడం, పెట్టుకోవాలి. ఆ మధ్యవర్తి తీర్పుల అమలు కోసం చేసుకున్న 1958 న్యూయార్క్ ఒప్పందంలో ఇండియా, బ్రిటన్, ఆస్ట్రేలియా, యూఏఈ, నేపాల్ అన్నీ ఉన్నాయి, కోర్టు తీర్పు కంటే ఆ అవార్డుని (మధ్యవర్తి తీర్పుని) అమలు చేయించడం మామూలుగా సులువు. చిన్న పనులకి అదీ ఖరీదే. ఎడిట్ చేయడానికి వీలున్న ఫైళ్ళని డబ్బు అందేదాకా ఇవ్వకుండా పీడీఎఫ్‌లే పంపడం, ఆ సంగతి ఒప్పందంలో ముందే రాసి ఉంచడం, మా లాంటివాళ్ళకి దొరికిన చవకైన కోర్టు.

9. మొదటి పని ఎక్కడినుంచి

ఎడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు), వరల్డ్ బ్యాంకు పట్టణ ప్రాజెక్టుల టెండర్లు చూసి మొదట్లోనే ఎగబడొద్దు. అక్కడ ముందు ఆసక్తి పత్రం, తర్వాత షార్ట్‌లిస్టు, ఆపైన నాణ్యతకీ ధరకీ కలిపి మార్కులు వేస్తారు, పాత అనుభవం లేనివాడికి షార్ట్‌లిస్టులోకే దారి ఉండదు. పెద్ద ఫర్మ్ కింద సబ్ కన్సల్టెంట్‌గా ఒక సర్వే, ఒక వార్డు స్టడీ చేసి, చేసినట్టు సర్టిఫికెట్ పుచ్చుకోండి. ఆ సర్టిఫికెట్‌లో మీ ఫర్మ్ పేరు, పని విలువ, తేదీలు ఉండాలి, "ధన్యవాదాలు" అని రాసిన ఈమెయిల్ ఏ టెండరులోనూ చెల్లదు. మాకు అలాంటి ఈమెయిళ్ళు ఒక ఫోల్డరు నిండా ఉన్నాయి.

ఆ సర్టిఫికెట్ అందాక, ఆఖరి జమ బ్యాంకులో కనిపించాక, అప్పుడు ఎడిట్ ఫైళ్ళు పంపి, ఏ తేదీన ఏ ప్రతి ఇచ్చారో ఒక జాబితా రాసి అవతలివాళ్ళ చేత అందినట్టు మెయిల్ పెట్టించుకుని ఫైలు మూసేయండి.